ఒక చిత్రం, రెండు ధ్వనులు: పశ్చిమ కర్నూలు సరిహద్దు నేపథ్యంలో టెలివిజన్ గ్రాహక పరికరాల చరిత్ర

ప్రసార మాధ్యమాల చరిత్రను సాధారణంగా ప్రసార కేంద్రం వైపు నుంచే చెబుతారు. ఏ కేంద్రం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది, దాని శక్తి ఎన్ని కిలోవాట్లు, తొలి కార్యక్రమం ఏది, ప్రారంభోత్సవం చేసినవారెవరు అన్న వివరాలతో ఆ చరిత్ర నిండి ఉంటుంది. సంకేతాన్ని అందుకొనే వైపు, అంటే ఇంటి కప్పు మీది ఏరియల్, బడి గదిలోని పెట్టె, ఆ రెంటినీ కలిపే తీగ, వీటికి చరిత్రలో చోటు తక్కువ. ప్రసారమనే మాట చుట్టూ తెలుగులో ఒక పదసంపద ఏర్పడింది. గ్రహణం వైపు అటువంటిది ఏర్పడలేదు. గ్రాహకమనే మాట పాఠ్యపుస్తకాలకు పరిమితమై, వాడుకలో అది సెట్టుగానో, రిసీవర్‌గానో, ఉత్త పెట్టెగానో మిగిలింది. గ్రహణమంటే సూర్యచంద్రులకు పట్టేదే సామాన్య పాఠకునికి ముందుగా స్ఫురిస్తుంది. ప్రసార కేంద్రాలకు దూరంగా, రెండు భాషల నడుమ ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నుంచి చూసినప్పుడు మాత్రం టెలివిజన్ చరిత్ర ప్రధానంగా గ్రాహక పరికరాల చరిత్రగా కనిపిస్తుంది. చూసేవారికి ఏ భాష వినిపించాలన్న ప్రశ్నకు సైతం ఇక్కడ ఒక దశలో సమాధానం చెప్పింది గ్రాహకమే. ఈ వ్యాసం ఆ దశను కేంద్రంగా తీసుకొని, దానికి ముందు వెనుకలను పరిశీలిస్తుంది.

ప్రాంతపు భాషా స్థితిని మొదట గుర్తు చేసుకోవాలి. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో భాగం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఆ రోజున బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. వాటిలో మొదటి రెండూ కర్నూలు జిల్లాలో, మూడవది అనంతపురం జిల్లాలో చేరాయి. మిగిలిన బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. రేఖ మారింది కాని ప్రజల నోటి మాట ఒక్క రోజున మారదు. ఆదోని పత్తి అంగడికి, ఎమ్మిగనూరు మగ్గాలకు, తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయానికి వచ్చిపోయేవారిలో కన్నడం మాట్లాడేవారు ఎప్పుడూ ఉన్నారు. ఆదోని పట్టణంలో ఉర్దూ మూడవ భాష. నదికి ఆవల రాయచూరు జిల్లా. ఇక్కడ ఒక కుటుంబంలోనే రెండు భాషలు వినిపించడం వింత కాదు. ఇటువంటి చోటికి టెలివిజన్ మొదట ఏ భాషతో వచ్చిందన్నది కేవలం సాంకేతిక విషయం కాజాలదు.

ఆ రాక ఉపగ్రహం ద్వారా జరిగింది. 1969 సెప్టెంబరులో భారత అణుశక్తి విభాగానికి, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు మధ్య ఒప్పందం కుదిరింది. దాని ఫలితమే ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం. ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలతో అది ‘సైట్’గా ప్రసిద్ధమైంది. ఈ ఆలోచనకు మూలపురుషుడైన విక్రమ్ సారాభాయి 1971 డిసెంబరు 30న మరణించగా, అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తన కేంద్రం యశ్‌పాల్ నాయకత్వంలో ఆ పనిని పూర్తి చేసింది. 1974 మే 30న నాసా ప్రయోగించిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మరుసటి ఏడాది తూర్పు రేఖాంశం 35 డిగ్రీల వద్దకు, అంటే తూర్పు ఆఫ్రికా మీదికి జరిపారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఒక సంవత్సరం, అది భారత గ్రామాలకు చిత్రాలను అందించింది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలు ఎంపికయ్యాయి. ఆంధ్రప్రదేశ్ సమూహంలో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాలు, కర్ణాటక సమూహంలో రాయచూరు, గుల్బర్గా, బీజాపూరు జిల్లాలు ఉన్నాయి. తుంగభద్రకు రెండు ఒడ్డుల జిల్లాలూ ఒకే కిరణపుంజం కింద ఉన్నాయన్న మాట.

గ్రామంలో నిలబెట్టిన పరికరాన్ని కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ ప్రయోగంలోని అసలు సాహసం అక్కడే ఉంది. అంతకు ముందు ఉపగ్రహ సంకేతాన్ని అందుకోవడమంటే పెద్ద భూకేంద్రం కట్టడమే. అహ్మదాబాదులో 1967లో నిర్మించిన ప్రయోగాత్మక కేంద్రపు పళ్లెం వ్యాసం 14 మీటర్లు. 1971లో మహారాష్ట్రలోని ఆర్వీ వద్ద పని మొదలుపెట్టిన విదేశ సమాచార కేంద్రపు పళ్లెం దాదాపు 30 మీటర్లు. గ్రామానికి అటువంటివి పనికిరావు. గ్రామ పరికరాన్ని చిన్నది చేయాలంటే ఆ భారాన్ని ఆకాశానికి ఎత్తాలి. ఏటీఎస్-6 అదే చేసింది. 9 మీటర్లకు పైగా వ్యాసం గల దాని ఛత్రం కక్ష్యలోకి వెళ్లాక విచ్చుకొంది. 860 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద 80 వాట్ల శక్తితో సంకేతాన్ని భారతదేశం వైపు కేంద్రీకరించింది. ఒక పెద్ద దీపపు బల్బు కాల్చే శక్తి అది. కాని దానిని నలుదిక్కులకు వెదజల్లకుండా ఒకే దిక్కుకు పోగుచేయడం వల్ల, సుమారు 36,000 కిలోమీటర్ల దిగువన 3 మీటర్ల పళ్లెంతో పని జరిగిపోయింది.

ఆ 3 మీటర్ల పళ్లెం లోహపు రేకుతో చేసినది కాదు. కోళ్ల గూళ్లకు కట్టే జాలీని చట్రం మీద పరిచి దానికి పరవలయాకృతి తెచ్చారు. ఇది పేదరికపు సర్దుబాటుగా పైకి కనిపించినా, వెనుక కచ్చితమైన లెక్క ఉంది. 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. జల్లెడ కన్ను కంటే పెద్ద గింజ కిందికి జారనట్లే, తరంగం పొడవులో పదవ వంతు కన్నా చిన్న కన్నులున్న జాలీని తరంగం దాటిపోదు. రేకుకు తగిలినట్లే తగిలి నాభి వైపు మళ్లుతుంది. మూడున్నర సెంటీమీటర్లకు లోపు కన్నులు చాలు కనుక అంగడిలో దొరికే జాలీ సరిపోయింది. జాలీ బరువు తక్కువ. గాలి దాని గుండా పోతుంది కనుక ఈదురుగాలికి పళ్లెం పడిపోయే ప్రమాదం కూడా తగ్గుతుంది. ఇంత పొడవైన తరంగానికి 3 మీటర్ల పళ్లెం చూపు సుమారు 8 డిగ్రీల వెడల్పు ఉంటుంది. అందువల్ల దాని దిశను కనిష్ఠ ప్రమాణాలతో సవరించనక్కరలేదు. ఒకసారి పడమటి దిక్కుకు, కొంచెం దక్షిణంగా తిప్పి బిగిస్తే కదపవలసిన పని లేదు. ఆదోని నుంచి చూస్తే ఆ ఉపగ్రహం క్షితిజానికి సుమారు 39 డిగ్రీల ఎత్తున ఉండేది.

పళ్లెం నాభి వద్ద చేరిన బలహీన సంకేతాన్ని ముందు భాగపు కన్వర్టరు పెంచి, పౌనఃపున్యం తగ్గించి, మామూలు టెలివిజన్ అర్థం చేసుకొనే రూపానికి మార్చేది. ఉపగ్రహం నుంచి వచ్చేది పౌనఃపున్య మూర్ఛనలో ఉన్న చిత్రం. సాధారణ టెలివిజన్‌కు కావలసింది కంపన పరిమితి మూర్ఛనలో ఉన్న చిత్రం. ఈ మార్పిడే ఆ చిన్న పెట్టె పని. గ్రాహకాలను తయారు చేసింది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్. 1967లో ఏర్పడిన ఆ సంస్థకు తొలి సారథి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. తెలుగు గడ్డ మీద తయారైన పెట్టెలే ఒడిశా, బీహారు, రాజస్థాన్ పల్లెలకూ వెళ్లాయి. హైదరాబాదు పరిశ్రమ చరిత్రలో ఈ ఘట్టానికి దక్కవలసినంత స్థానం దక్కలేదనే చెప్పాలి.

గ్రామంలో పెట్టె సాధారణంగా బడిలోనో, పంచాయతీ భవనంలోనో ఉండేది. దానిని తెరిచి మూయడానికి ఒక సంరక్షకుడిని, చాలాచోట్ల ఉపాధ్యాయుడినే, నియమించారు. చెడిపోతే బాగు చేసేవారు బయటి నుంచి వచ్చేవారు. ఈ ఏర్పాటు ప్రయోగానికి అవసరమే. ఒక్క సంవత్సరం వ్యవధిలో ఫలితాలు తేలాలి, పెట్టెలు ఆగిపోకూడదు. అయితే దీని మూలంగా పరికరం గ్రామంలోకి వచ్చినా పరికర జ్ఞానం గ్రామానికి బయటే ఉండిపోయింది. జాలీ పళ్లెం ప్రతి ఊరి కమ్మరి, వడ్రంగి కలిసి చేయగలిగినంత సరళమైనదే. కన్వర్టరు మాత్రం మూత వేసిన పెట్టె.

ఇక భాష. ఏటీఎస్-6 ఒక చిత్రాన్ని, దాని వెంట రెండు ధ్వనులను మోసుకొచ్చేది. రోజుకు మొత్తం 4 గంటల ప్రసారం. ఉదయం ఒకటిన్నర గంట బడిపిల్లలకు. అందులో హిందీ, ఒడియా, తెలుగు, కన్నడం అనే నాలుగు భాషలకు తలా ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంకాలపు రెండున్నర గంటలలో దేశమంతటికీ ఉమ్మడిగా హిందీలో అరగంట పోగా, మిగిలిన సమయాన్ని భాషా సమూహాలు పంచుకోవాలి. ఒక భాష వంతు నడుస్తున్నంతసేపు మిగతా భాషల గ్రామాలకు ఆ పెట్టెలో తమది కాని మాటే వినిపిస్తుంది. ఈ ఇరుకును కొంత తగ్గించడానికే రెండవ ధ్వని మార్గం ఉపయోగపడింది. ఒకే చిత్రానికి తెలుగు ఒక మార్గంలో, కన్నడం మరొక మార్గంలో జతచేసి పంపితే, ఆంధ్ర, కర్ణాటక సమూహాలు ఒకే సమయాన్ని విడివిడిగా కాక కలిసి వాడుకోవచ్చు. రెండు ధ్వనులూ ప్రతి పళ్లెం మీదా పడతాయి. వాటిలో ఏది వినిపించాలో తేల్చేది గ్రామంలోని పెట్టె.

ఈ ఏర్పాటులోని విశేషాన్ని గమనించాలి. రేడియోలో భాషను నిర్ణయించేది కేంద్రం. కడప కేంద్రం తెలుగు, ధార్వాడ కేంద్రం కన్నడం. శ్రోత ముల్లు తిప్పి కేంద్రాన్ని మార్చుకోవచ్చు కాని ఒక కేంద్రంలో ఒక సమయంలో ఒకే మాట. సైట్‌లో మొదటిసారిగా భాషా నిర్ణయం ప్రసార కేంద్రం నుంచి గ్రాహకంలోకి జారింది. సాంకేతికంగా చూస్తే నదికి ఈవలి గ్రామం కన్నడాన్ని, ఆవలి గ్రామం తెలుగును ఎంచుకోవడానికి అడ్డు లేదు. ఆకాశంలో సరిహద్దు లేదు. కాని సమూహాలు రాష్ట్రాల వారీగా ఏర్పడ్డాయి. 1953లో గీసిన రేఖే 1975లో ధ్వని మార్గాలను విభజించింది. కర్నూలు జిల్లా పెట్టెకు తెలుగు, రాయచూరు జిల్లా పెట్టెకు కన్నడం. బళ్లారి జిల్లా విభజన వాదనలలో ఆదోని తాలూకా గురించి ఎంత తర్జనభర్జన జరిగిందో ఎరిగినవారికి, పెట్టెలోని ఆ చిన్న ఎంపిక వెనుక ఎంత చరిత్ర ఉన్నదో వేరుగా చెప్పనవసరం లేదు. ఉర్దూకు ఈ లెక్కలో మార్గమే లేదు.

ఉమ్మడి చిత్రం కార్యక్రమ రూపాన్ని కూడా శాసిస్తుంది. పాత్రలు ఎదురెదురుగా నిలబడి తెలుగులో మాట్లాడుకొనే నాటికను కన్నడ ధ్వనితో చూపితే పెదవుల కదలికకు, మాటకు పొత్తు కుదరదు. తెర వెనుక వ్యాఖ్యాత చెప్పుకుపోయే వార్తాచిత్రం వంటి రూపంలో ఆ చిక్కు రాదు. విత్తనశుద్ధి, పశువుల పెంపకం, ఆరోగ్యం వంటి విషయాలకు వ్యాఖ్యాన పద్ధతి సహజంగా ఒదుగుతుంది కాని, వీధినాటకం, హరికథ, బుర్రకథ వంటి ప్రదర్శన రూపాలు అలా ఒదగవు. అక్కడ మాటే ప్రాణం. రెండు భాషలకు ఒక చిత్రం అన్న పొదుపు, ఏ సాహిత్య రూపం తెరకెక్కుతుంది, ఏది ఎక్కదు అన్న విషయంలో జోక్యం చేసుకొంటుంది. తెలుగు దృశ్య మాధ్యమ భాషను అధ్యయనం చేసేవారు వ్యాఖ్యాన గద్యం ఇంత బలంగా ఎలా పాతుకుపోయిందో వెదికేటప్పుడు, రచయితల అభిరుచితో పాటు ఈ ధ్వని మార్గాల లెక్కనూ పరిగణించాలి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో ఆకాశవాణి నెలకొల్పిన నిర్మాణ కేంద్రంలో తయారయ్యాయి. ఆ మాట రాజధాని శిష్ట వ్యవహారానికి దగ్గరది. సగం కన్నడపు యాసతో సాగే పశ్చిమ కర్నూలు పలుకుబడికి అది దూరమే. రెండు ధ్వనులలో ఏదీ పూర్తిగా ఈ నేలది కాదని అనడం అతిశయోక్తి అనిపించుకోదు.

ఇదే సంకేతాన్ని అదే సంవత్సరంలో మరి రెండు చోట్ల అందుకొన్న తీరును పక్కన పెట్టి చూస్తే గ్రామ పెట్టె స్వభావం మరింత స్పష్టమవుతుంది. మొదటిది కొలంబో. భూస్థిర ఉపగ్రహాల ద్వారా ప్రపంచ ప్రసారం సాధ్యమని 1945లోనే ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రతిపాదించిన ఆర్థర్ సి. క్లార్క్ అప్పటికి శ్రీలంకలో స్థిరపడ్డాడు. భారత అంతరిక్ష సంస్థ ఇంజనీర్లు ఆయన ఇంటి మీద సైట్ గ్రాహకాన్ని అమర్చారు. ఆ ద్వీపంలో టెలివిజన్ ప్రసారమే లేని రోజులవి. రెండవది ఇంగ్లండులోని షెఫీల్డ్. స్టీవ్ బిర్కిల్ అనే ప్రసార ఇంజనీరు, ఔత్సాహిక రేడియో నిపుణుడు, తన ఇంటి వద్ద సొంతంగా నిర్మించిన పరికరంతో ఏటీఎస్-6 చిత్రాలను పట్టుకొన్నాడు. కిరణపుంజం గురి భారతదేశం. షెఫీల్డ్ ఆ గురికి బహుదూరం. అక్కడికి చేరేది గురి తప్పి చెదిరిన అంచు సంకేతం. క్షితిజానికి ఆ ఉపగ్రహం ఎత్తు అక్కడ 20 డిగ్రీలకు కొంచెం మించి. అయినా ఒక వ్యక్తి, ఎవరి అనుమతి పత్రంతోను ఎవరి నమూనాతోను పని లేకుండా, భారత పల్లెల కోసం పంపిన చిత్రాలను తన తెర మీద చూడగలిగాడు. ఇంటివద్ద కట్టుకొన్న ఉపగ్రహ టెలివిజన్ గ్రాహకాల చరిత్రలో ఇది తొలి ఘట్టాలలో ఒకటిగా నిలిచిపోయింది.

బిర్కిల్ చేసినది ఆకస్మిక అద్భుతం కాదు. దాని వెనుక ఔత్సాహిక టెలివిజన్ సంప్రదాయం ఉంది. లైసెన్సు పొందిన ఔత్సాహిక రేడియో వ్యక్తులు, వాడుకలో హాములు, మాటతోను మోర్సు సంకేతంతోను తృప్తి పడక చిత్రాలను కూడా పంపుకోవడానికి పూనుకోవడమే ఔత్సాహిక టెలివిజన్. బ్రిటిష్ అమెచ్యూర్ టెలివిజన్ క్లబ్ 1949లో ఏర్పడింది. దాని పత్రిక ‘సీక్యూ-టీవీ’ పరికరాల నమూనాలను సభ్యులకు అందిస్తూ వచ్చింది. అమెరికాలో కాప్‌థార్న్ మక్‌డొనాల్డ్ 1958లో మందగతి చిత్ర పద్ధతిని రూపొందించాడు. 120 గీతల నిశ్చల చిత్రాన్ని 8 సెకన్లలో, మాట పట్టేంత ఇరుకైన మార్గం గుండా పంపే యుక్తి అది. ఈ సంప్రదాయానికి ప్రాణం పరికరం కన్నా పరికర వివరణ. 1976లో కాలిఫోర్నియాలో ఇంటి పళ్లెంతో ఉపగ్రహ చలనచిత్ర ప్రసారాన్ని అందుకొన్న స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు టేలర్ హవర్డ్ కూడా తన గ్రాహకాన్ని ఎలా కట్టాలో చేతిపుస్తకంగా అచ్చువేశాడు. కట్టడం, రాయడం, రాసినది చదివి మరొకరు కట్టడం అన్నది ఒకే క్రియకు మూడు దశలు. కర్నూలు గ్రామానికి అందినది మొదటి దశ ఫలితం మాత్రమే, అదీ మూతవేసి.

ఈ తేడాను వ్యక్తుల చొరవకు ఆపాదించడం పొరపాటు. భారతదేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం గ్రాహక పరికరాన్ని కలిగి ఉండడానికే ఆ రోజుల్లో లైసెన్సు కావలసి ఉండేది. రేడియో పెట్టెకు, ఆ తర్వాత టెలివిజన్ పెట్టెకు జనం తపాలా కార్యాలయంలో రుసుము చెల్లించిన రోజులు పెద్దతరానికి గుర్తే. విడిభాగాల దిగుమతి కష్టం. విద్యుత్తు చేరని పల్లెలు అనేకం. షెఫీల్డ్ ఇంజనీరు పెరటికి, తుంగభద్ర తీరపు బడికి మధ్య వ్యత్యాసం చట్టంలో, అంగడిలో, ముఖ్యంగా అచ్చులో ఉంది.

1976 జూలై 31తో ఉపగ్రహం వెనుదిరిగింది. ప్రయోగం కొనసాగింపుగా భూతల ప్రసార కేంద్రాలు వచ్చాయి. గుల్బర్గా కేంద్రం 1977 సెప్టెంబరులో, హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న ప్రారంభమయ్యాయి. ఇక్కడ పశ్చిమ కర్నూలుకు జరిగిన నష్టం లెక్కలో తేలుతుంది. భూతల టెలివిజన్ తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. 100 మీటర్ల ప్రసార స్తంభం, 9 మీటర్ల ఇంటి ఏరియల్ ఉన్నప్పుడు వాటి మధ్య నమ్మదగిన దూరం 54 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఎత్తు పెంచితే కొంత పెరుగుతుంది కాని నాలుగింతలు కాదు. ఆదోని నుంచి గాలి దూరంలో గుల్బర్గా 195 కిలోమీటర్లు, హైదరాబాదు 230 కిలోమీటర్లకు పైన. ఎమ్మిగనూరు హైదరాబాదుకు కాస్త దగ్గర, అయినా 200 కిలోమీటర్లకు తక్కువ కాదు. 36,000 కిలోమీటర్ల పైనుంచి వచ్చిన చిత్రం అందిన జిల్లాకు 200 కిలోమీటర్ల నుంచి వచ్చేది అందలేదు. టెలివిజన్ ‘వచ్చిన’ సంవత్సరంగా తెలుగు గ్రంథాలు 1977ను పేర్కొనడం హైదరాబాదు పరిసరాలకు సరైనదే. కర్నూలు జిల్లా పల్లెలకు మాత్రం టెలివిజన్ 1975లో వచ్చి, 1976లో పోయి, మళ్లీ ఎన్నో ఏళ్లకు వచ్చింది.

ఆ మధ్యకాలంలో ప్రసార కేంద్రాలకు దూరంగా ఉన్న దక్కను పట్టణాలలో కొత్త చేతిపని ఒకటి పుట్టింది. పొడవైన ఇనుప గొట్టం చివర అల్యూమినియం కడ్డీల ఏరియల్, దాని మెడలో బూస్టర్, ఇంట్లో ఒకరు తెర ముందు నిలిచి కేకలు వేస్తుంటే మిద్దె మీద మరొకరు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పడం. వాతావరణం అనుకూలించిన రాత్రులలో దూర కేంద్రాల బొమ్మ మంచు కురుస్తున్నట్లు కనిపించేది. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి కక్ష్యలో చేరిన పిమ్మట, 1984లో దేశమంతటా స్వల్పశక్తి కేంద్రాలు వరుసగా నెలకొన్నాయి. 1990 దశకంలో 4 గిగాహెర్ట్జ్ ఉపగ్రహ ప్రసారాలతో కేబుల్ వ్యవస్థ విస్తరించింది. తెలుగులో జెమిని, ఈటీవీ 1995లో మొదలయ్యాయి. జాలీ పళ్లెం అప్పుడు మళ్లీ మిద్దెలెక్కింది. అయితే ఈసారి తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లే. కోళ్ల జాలీ కన్నుల గుండా అది చాలావరకు కారిపోతుంది. కన్ను ఏడు మిల్లీమీటర్లకు లోబడాలి. పళ్లేలు బిగించిన పనివారు ఈ సూత్రాన్ని సమీకరణంగా కాక అనుభవంగా ఎరుగుదురు. ‘సన్న జాలీ’, ‘బొమ్మ లాగడం’, ‘సిగ్నల్ కొట్టడం’ వంటి వాడుక వారి వృత్తిభాష. సైట్ నాడు మూతపడి ఉన్న పెట్టెను తెరిచినవారు ఒక విధంగా వీరే. వృత్తి పదకోశాలు కమ్మరం, నేత, వ్యవసాయం వరకు సాగి, ఈ పనిని ఇంకా చేరదీయవలసి ఉంది. ఎమ్మిగనూరు నేతగాని మగ్గపు మాటలకు లభించిన గౌరవం అదే వీధిలోని డిష్ పనివాని మాటలకు లభించకపోవడానికి, అవి ఆంగ్లం కలిసినవన్నది తప్ప వేరే కారణం కనిపించదు.

ఔత్సాహిక ధార తెలుగు నేల మీద హైదరాబాదులో స్థిరపడింది. 1983లో అక్కడ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. 2004 డిసెంబరులో అండమాన్‌కు వెళ్లిన ఆ సంస్థ బృందం, భారతి ప్రసాద్ నాయకత్వంలో, సునామీ వేళ తెగిపోయిన సంబంధాలను రేడియోతో నిలబెట్టింది. 2005 మే 5న ఇస్రో ప్రయోగించిన హామ్‌శాట్ ఈ రంగానికి దక్కిన తొలి భారతీయ ఉపగ్రహం. అది మాటకు, మోర్సుకు ఉద్దేశించినది. చిత్రానికి అందులో అవకాశం లేదు.

చిత్రానికి అవకాశం 2018 నవంబరు 15న ప్రయోగించిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హెయిల్-2తో వచ్చింది. అందులో హాముల కోసం ప్రత్యేకంగా అమర్చిన భాగానికి క్యూవో-100 అని పేరు. భూస్థిర కక్ష్యలో ఔత్సాహికులకు దక్కిన మొదటి స్థానం ఇది. 2019 ఫిబ్రవరి నుంచి అందుబాటులోకి వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ మీద పంపిన డిజిటల్ చిత్రం 10.49 గిగాహెర్ట్జ్ మీద తిరిగి కిందికి దిగుతుంది. తరంగం పొడవు మూడు సెంటీమీటర్లకు లోపు. పళ్లెం బలం దాని వ్యాసంలో ఎన్ని తరంగాలు పడతాయన్న దానిని బట్టి ఉంటుంది. సైట్ పళ్లెం 3 మీటర్లలో తొమ్మిదికి లోపే తరంగాలు పట్టేవి. నేటి 90 సెంటీమీటర్ల ఇంటి పళ్లెంలో ముప్పైకి పైగా పడతాయి. వ్యాసం మూడవ వంతుకు తగ్గినా పోగుచేసే బలం పదింతలు దాటింది. అయితే చూపు కూడా ఆ మేరకు సన్నబడింది. 8 డిగ్రీలుండే కిరణం రెండు డిగ్రీల పైచిలుకుకు కుదించుకుపోయింది కనుక గురి కుదరడానికి ఓపిక కావాలి. పళ్లెం ముందు బిగించేది డీటీహెచ్ వారు వాడే మామూలు ఎల్‌ఎన్‌బీ. అది సంకేతాన్ని సుమారు 741 మెగాహెర్ట్జ్‌కు దించుతుంది. అక్కడి నుంచి ఔత్సాహికులు రూపొందించుకొన్న మినీటియూనర్ అనే, అరచేతిలో ఇమిడే పలక ద్వారా కంప్యూటరుకు చేరుతుంది. అచ్చు సర్క్యూటు బొమ్మ, భాగాల పట్టిక, సాఫ్ట్‌వేరుతో సహా అన్నీ బాహాటంగా లభిస్తాయి. మూత లేని పెట్టె అంటే ఇది. ఉపగ్రహంలోని సూచక సంకేతాన్నైతే కొన్ని సాధారణ సెట్‌టాప్ పెట్టెలు కూడా పట్టగలవు. హాములు పంపే సన్నని సంకేతాలకు మాత్రం ఈ పలకే కావాలి.

ఇంతకన్నా చిన్న పరికరం కోరేవారికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్ మీద అప్పుడప్పుడు వచ్చే మందగతి చిత్రాలున్నాయి. ఒక్కొక్క చిత్రానికి సుమారు రెండు నిమిషాలు. చేతి రేడియో, దాని స్పీకరు పక్కన పెట్టిన ఫోను చాలు. మక్‌డొనాల్డ్ యుక్తి అరవై ఏళ్ల తర్వాత బడిపిల్లల చేతికి ఇలా వచ్చింది.

క్యూవో-100 నిలిచిన చోటు తూర్పు రేఖాంశం 25.9 డిగ్రీలు. ఏటీఎస్-6 నిలిచినది 35 డిగ్రీలు. ఆదోని మిద్దె మీద నిలబడి లెక్కిస్తే మొదటిది ఉత్తరం నుంచి సవ్యదిశలో 258 డిగ్రీల వైపు, 29 డిగ్రీల ఎత్తున ఉంటుంది. రెండవది 253 లేదా 254 డిగ్రీల వైపు, 39 డిగ్రీల ఎత్తున ఉండేది. 1975లో జాలీ పళ్లెం చూసిన ఆకాశపు ముక్కకూ, నేటి చిన్న పళ్లెం చూడవలసిన ముక్కకూ మధ్య ఎడం చాచిన చేతి పిడికిలి వెడల్పుకు కొంచెం మించుతుందంతే. ధ్వని మార్గాల సంగతి మాత్రం పూర్తిగా మారింది. డిజిటల్ ప్రవాహంలో ఒక చిత్రానికి రెండు కాదు, కావలసినన్ని ధ్వనులు జతచేయవచ్చు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడింటినీ ఒకే చిత్రం వెంట ఒకేసారి పంపడానికి, వాటిలో ఒకదానిని గ్రాహకంలో ఎంచుకోవడానికి అవసరమైన సదుపాయం ఆ అరచేతి పలకలోను, దానిని నడిపే సాఫ్ట్‌వేరులోను ఇప్పటికే ఉంది.